బందరు కూర్చోని కుర్చీ లేదు

తక్కువమంది ఉన్న వర్గానికి రిజర్వేషన్ ఎందుకో చెప్పడం పెద్ద కష్టం కాదు. తరతరాలుగా అణిగి ఉన్నవాళ్లకు చేయూత అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లకూ వాదమేమిటో అర్థమవుతుంది. ఓట్లు తమ చేతిలో ఉన్నవాళ్లు, శాసనసభలో సీట్లు నింపేవాళ్లు, ఈ నేల మాదని ధీమాగా చెప్పుకోగలిగినవాళ్లు ‘ఉద్యోగాల్లో ముందు మాకు’ అని అడిగినప్పుడే చిక్కు. మలేసియాలో మలయ్ ప్రజలు, శ్రీలంకలో సింహళీయులు, అస్సాంలో అస్సామీలు, 1960లలో బొంబాయిలో మరాఠీలు అడిగింది ఇదే. హైదరాబాద్‌లో దానికి ముల్కీ అని పేరు. తర్వాత అది లోకల్, నాన్‌లోకల్ అయి తెలుగు జిల్లాలన్నిటికీ పాకింది. అమెరికన్ రాజకీయ శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1978లో ‘సన్స్ ఆఫ్ ది సాయిల్’ పుస్తకం రాసినప్పుడు అస్సాం, ఛోటా నాగపూర్‌లతో పాటు హైదరాబాద్‌నూ ఎంచుకున్నాడంటే ఈ తగవు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. దాన్ని అర్థం చేసుకోవడానికి హైదరాబాద్ కంటే బందరు, గుడివాడ, దివిసీమలు మంచి చోటని నా అభిప్రాయం. వందేళ్లలో ఈ కృష్ణా కింది డెల్టా ఆ తగవులో వెనకబడినవాడి పక్షాన నిలబడింది, ముందున్నవాడి పక్షాన నిలబడింది, బయటివాడిగా తిట్లు తిన్నది, చివరికి లోకల్‌గా వాటా కూడా పుచ్చుకుంది. ప్రతిసారీ తన వాదమే న్యాయమని నమ్మింది కూడా.

మొదటి కుర్చీ మద్రాసు రోజులది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. బందరులో మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లోనే ఇంగ్లీషు బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. నీళ్లూ చదువూ రెండూ వచ్చిన ఈ డెల్టాలో ఇంగ్లీషు నేర్చిన కుర్రాళ్లకు కొదవ లేదు. ఉద్యోగాలు మాత్రం మద్రాసులో. అక్కడి సెక్రటేరియట్, కాలేజీలు, హైకోర్టు చుట్టూ ముందే స్థిరపడ్డ తమిళులతో పోటీ పడి గెలవడం కష్టమైంది. తెలుగు జిల్లాల్లో కూడా పై అధికారి తెలుగువాడు కాకపోవడం అప్పటి చదువుకున్నవాళ్లను బాధించింది. 1902లో బందరులో మొదలైన కృష్ణా పత్రిక, దానికి ఏళ్ల తరబడి సంపాదకుడిగా ఉన్న ముట్నూరి కృష్ణారావు, అదే ఊళ్లో డాక్టరుగా ప్రాక్టీసు చేసిన భోగరాజు పట్టాభిసీతారామయ్య, ఈ అసంతృప్తికి మాటలిచ్చినవాళ్లు వీళ్లు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ప్రత్యేక రాష్ట్రం కోరికలో భాషాభిమానం ఎంత ఉందో ఉద్యోగాల లెక్క కూడా అంత ఉంది. అప్పుడు డెల్టా చెప్పిన మాట సూటిగా ఇది: మా జిల్లాల్లో మేమే ఎక్కువమందిమి, అయినా అధికారంలో వెనకబడ్డాం, కాబట్టి మాకు ప్రత్యేకంగా చోటు కావాలి. మెజారిటీకి ప్రాధాన్యం కావాలనే ప్రతి ఉద్యమం చెప్పేదీ ఇదే.

ఆ వాదం గెలుస్తుందేమో అనిపించిన క్షణంలోనే రెండో కుర్చీ ముందుకొచ్చింది. తెలుగువాళ్లకు సొంత రాష్ట్రం వస్తే అందులో పెత్తనం ఎవరిది? కాలువ నీళ్లతో, కాలేజీలతో ముందున్న సర్కారు జిల్లాలది. రాయలసీమ ఈ ప్రశ్న అడిగింది. తమిళుడి పెత్తనం పోయి బెజవాడ, గుంటూరు, బందరుల పెత్తనం వస్తే మాకేం లాభమని నిలదీసింది. దానికి సమాధానంగా 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. ఒడంబడిక జరిగిన ఇల్లు కాశీనాథుని నాగేశ్వరరావుది. అమృతాంజనం, ఆంధ్రపత్రికల ఆ నాగేశ్వరరావు పంతులు పుట్టింది డెల్టాలోని ఎలకుర్రులో. సంతకాలు పెట్టినవాళ్లలో బందరు పట్టాభి కూడా ఉన్నారు. అందులో ఒప్పుకున్నవి ఇవి: అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధానో హైకోర్టో సీమకు, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకూ నెల్లూరుకూ పదేళ్లు, అవసరమైతే ఇంకొంత కాలం, మొదటి హక్కు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ పదేళ్లు. ఎంత కాలం అన్న ప్రశ్నను ఆ పెద్దలు దాటవేయలేదు. వెనకబాటు ఏమిటో పేరు పెట్టి చెప్పారు, దాన్ని పూడ్చే పని చెప్పారు, గడువు కూడా చెప్పారు. అమలు సంగతి వేరే కథ. సీమవాళ్లకు ఆ కోపం ఇప్పటికీ ఉంది, ఉండటం న్యాయమే.

ఇదే కాలంలో మద్రాసు ప్రభుత్వం మెజారిటీకి నేరుగా వాటా ఇచ్చిన ప్రయోగం ఇంకొకటి నడుస్తోంది. జస్టిస్ పార్టీ హయాంలో 1921లో మొదలై, తర్వాత గట్టిపడ్డ కమ్యూనల్ జీవో. 1920ల చివర అమల్లోకి వచ్చిన రూపంలో ప్రతి పన్నెండు ఉద్యోగాల్లో అయిదు బ్రాహ్మణేతర హిందువులకు, రెండు బ్రాహ్మణులకు, రెండు ముస్లింలకు, రెండు ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ, ఒకటి దళితులకు. బ్రాహ్మణేతర హిందువులంటే ప్రెసిడెన్సీ జనాభాలో పెద్ద భాగం. బ్రాహ్మణులు మూడు శాతం దగ్గర ఉండి చదువులో, సర్కారు కొలువుల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నారు కాబట్టి అంతరం నిజమే, కోరిక నిజమే. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి లాంటివాళ్లు ఆ అంతరాన్ని పురాణాల దగ్గర్నుంచీ ప్రశ్నించారు. కానీ ‘బ్రాహ్మణేతరులు’ అన్న ఆ పెద్ద గుంపులో ఎవరున్నారు? కాలువ కింద వరి పండించి పిల్లల్ని బందరు హాస్టల్లో పెట్టి చదివించగలిగిన భూస్వామి ఉన్నాడు. పెడన మగ్గం మీద బతికే నేతగాడు ఉన్నాడు. కృష్ణ సాగరంలో కలిసేచోట వల వేసుకునే కుటుంబమూ ఉంది. అయిదు ఉద్యోగాలూ గుంపులో ఎవరి దాకా వెళ్తాయో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. ఇరవై ఏళ్లు గడిచాక, 1947లో, ప్రభుత్వమే ఆ సంగతి ఒప్పుకుంది. పద్నాలుగింటిలో ఆరు బ్రాహ్మణేతర హిందువులకు ఉంచి, వెనకబడిన హిందువులకని విడిగా రెండు తీసిపెట్టింది. పెద్ద గుంపు లోపల ఇంకో గుంపు వెనకబడే ఉందని ఆ సవరణ చెబుతోంది. 1951లో సుప్రీంకోర్టు చంపకం దొరైరాజన్ కేసులో ఆ జీవోను కొట్టేసింది. మొదటి రాజ్యాంగ సవరణతో వెనకబడిన తరగతులకు దారి మళ్లీ తెరుచుకుంది. బ్రాహ్మణేతరులన్న మొత్తం గుంపుకు మాత్రం తెరుచుకోలేదు.

ఇక ముల్కీ. నిజాం సంస్థానంలో 1919 నుంచీ ఉన్న నిబంధన ప్రకారం సర్కారు ఉద్యోగం కావాలంటే ముల్కీ అయి ఉండాలి: సంస్థానంలో పుట్టి ఉండాలి, లేదా పదిహేనేళ్లు అక్కడ నివాసం ఉండి ఇక తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. మొదట్లో ముల్కీల కోపం ఉత్తరాది నుంచి తెచ్చుకున్న అధికారుల మీద. 1948లో నిజాం పాలన పోయాక ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు కావలసి వచ్చి, ఉర్దూ మీడియంలో చదివిన ఉస్మానియా పట్టభద్రులు ఒక్కసారిగా వెనకబడినప్పుడు, గురి ఆంధ్రప్రాంతం మీదికి మళ్లింది. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాల్లో చేరుతున్నారన్న ఆరోపణ మీద 1952 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ కూడా 1955లో తెలంగాణవాళ్ల భయాన్ని దాచిపెట్టలేదు. చదువులో ముందున్న కోస్తావాళ్లతో కలిస్తే తాము మునిగిపోతామన్నది ఆ భయం. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. తెలంగాణలో ముల్కీలే మెజారిటీ. వాళ్లు భయపడింది సంఖ్యలో తక్కువైన వలసదారుడికి, అతని చేతిలోని డిగ్రీకి. కృష్ణా, గుంటూరుల నుంచి నిజాంసాగర్ కాలువ కిందికి వెళ్లి బోధన్, బాన్సువాడ చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్న రైతులు అప్పటికే ఉన్నారు; పొలం కొనుక్కున్నవాడి మీద లేని కోపం గుమాస్తా కుర్చీ మీద కూర్చున్నవాడి మీద వచ్చింది. మద్రాసులో ఒకప్పుడు బందరువాడికి తమిళ గుమాస్తా మీద వచ్చిన కోపానికీ దీనికీ తేడా ఏమిటో నాకైతే కనిపించదు.

ఆంధ్ర, తెలంగాణ ఒకే రాష్ట్రంగా కలవడానికి ముందు రెండు వైపుల నాయకులు చేసుకున్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఈ భయానికి మందు రాసింది. మరుసటి ఏడాది, తెలంగాణ ఉద్యోగాలకు నివాస నిబంధన పెట్టడానికి వీలిస్తూ, పార్లమెంటు చట్టం చేసింది. ప్రభుత్వోద్యోగాల్లో పుట్టిన చోటును గానీ నివాసాన్ని గానీ చూడకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతుంది. నివాసం విషయంలో మినహాయింపు ఇవ్వగలిగేది పార్లమెంటు ఒక్కటే. 1959లో నిబంధనలు అమల్లోకి వచ్చాయి, గడువు అయిదేళ్లు. 1964లో ఇంకో అయిదేళ్లు పొడిగించారు. 1969లో గడువు మళ్లీ దగ్గరపడేసరికి తెలంగాణ మండుతోంది, రక్షణలు అమలు కాలేదని. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు చట్టంలోని కీలకమైన సెక్షన్‌ను కొట్టేసింది: రాష్ట్రం మొత్తానికి నివాస నిబంధన పెట్టవచ్చు గానీ రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టకూడదని. చట్టం పోయినా పాత నిజాం నిబంధనలు బతికే ఉన్నాయా అన్న ప్రశ్న మిగిలింది. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు అవి చెల్లుతాయంది. డెల్టా ఇప్పుడు మూడో కుర్చీలో పడింది: తన రాష్ట్ర రాజధానిలోనే బయటివాడు.

ఆ తీర్పుకు ఎదురుగా ఆంధ్రప్రాంతంలో లేచిన జై ఆంధ్ర ఉద్యమం ఎంత తీవ్రంగా సాగిందో ఇప్పటి కుర్రాళ్లకు చెప్పడం కష్టం. నాన్‌గెజిటెడ్ ఉద్యోగుల (ఎన్జీవోల) సమ్మె, నెలల తరబడి మూతపడ్డ కాలేజీలు, కాల్పులు, పోయిన విద్యాసంవత్సరం. ఉద్యమానికి అండగా నిలిచిన ఉయ్యూరు ప్రాంత నాయకుడు కాకాని వెంకటరత్నం 1972 డిసెంబర్ 25న గుండె ఆగి చనిపోయారు. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇందులో మా రక్తం, మీ రక్తం అన్న లెక్కలు చాలా వచ్చాయి. నేను చూడమంటున్నది ఒక చిన్న విషయం. 1972 నవంబర్‌లో ఇందిరా గాంధీ ప్రకటించిన సర్దుబాటు ప్రకారం ముల్కీ నిబంధనలు జంటనగరాల్లో 1977 చివరి వరకూ, మిగతా తెలంగాణలో 1980 చివరి వరకూ మాత్రమే ఉండాలి. అంటే డెల్టా తిరగబడింది గడువున్న నిబంధన మీద. తర్వాత 1973 సెప్టెంబర్‌లో వచ్చిన ఆరు సూత్రాల పథకాన్ని, దాని వెంట 1974 జూలై 1 నుంచి అమలైన రాజ్యాంగ 371డి అధికరణాన్ని ఒప్పుకుంది. వీటికి గడువంటూ లేదు. మరి కోపం ఎలా చల్లారింది? ఎందుకంటే ఈసారి గీత తన చుట్టూ కూడా గీశారు. 1975 అక్టోబర్ నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రం ఆరు జోన్లయింది. కృష్ణా జిల్లా రెండు గోదావరులతో కలిసి రెండో జోన్‌లో చేరింది. జిల్లా స్థాయి గుమాస్తా ఉద్యోగాల్లో నూటికి ఎనభై, జోన్ స్థాయిలో డెబ్బై, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో అరవై స్థానికులకు. చదువుల్లో, వేరే ఉత్తర్వు కింద, ఎనభై అయిదు. బయటివాడిగా తిట్లు తిన్నవాడికి నాలుగో కుర్చీ దొరికింది, అందులో హాయిగా కూర్చున్నాడు. ప్రాధాన్యం అనే పద్ధతి తప్పని డెల్టా ఎన్నడూ అనుకోలేదు. తనకు అందనప్పుడే తప్పనుకుంది. ఈ మాట కటువుగా ఉంటుందని తెలుసు. కానీ తెలంగాణ విషయంలోనూ, మద్రాసు తమిళుల విషయంలోనూ ఇదే మాట అనవచ్చు కాబట్టి డెల్టా మీద ప్రత్యేకంగా నింద వేసినట్టు కాదు.

ఆ ఉత్తర్వును ఒక విషయంలో మెచ్చుకోవాలి. లోకల్ అంటే ఎవరు అన్నప్పుడు పుట్టుకనూ కులాన్నీ భాషనూ అడగలేదు. ప్రధానంగా చదివిన బడిని అడిగింది. అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావన్నదే ముఖ్యం. అందుకే ఉద్యోగ దరఖాస్తు పెట్టే ప్రతి కుర్రాడూ స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత హెడ్మాస్టర్ల చుట్టూ తిరుగుతాడు. బీహార్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ కూతురు గుడివాడ మునిసిపల్ హైస్కూల్లో చదువుకుంటే ఆమె కృష్ణా జిల్లా లోకల్. తాతముత్తాతల నుంచి ఘంటసాలలో ఉన్న ఇంటి పిల్లాడు హైదరాబాద్ హాస్టల్లో చదివితే సొంత జిల్లాలో నాన్‌లోకల్ కావచ్చు. మలేసియాలో, శ్రీలంకలో జాతి ఆధారంగా గీసిన గీత కంటే ఇది ఎంతో మర్యాదైన గీత. మనుషుల్ని పుట్టుకతో విడదీయకుండా ప్రాంతాల మధ్య అవకాశాన్ని పంచడానికి ప్రయత్నించింది.

అయినా అదే పాత లోపం ఇందులోనూ ఉంది. గీత గుంపు చుట్టూ గీస్తారు, అంతరం గుంపు లోపల ఉంటుంది. 1975 ఉత్తర్వు దృష్టిలో విజయవాడ, దివిసీమలోని నాగాయలంక రెండూ ఒకే కృష్ణా జిల్లా. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేల దగ్గరకు చేరారు. ఆ ఊళ్లలో మిగిలిన పిల్లవాడూ, విజయవాడలో ట్యూషన్ మాస్టర్ ఇంటి పక్కన పెరిగిన పిల్లవాడూ ఎనభై శాతం కోటాలో సమానమైన లోకల్స్. తర్వాత రెండు దశాబ్దాల్లో విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఫీజు కట్టగలిగిన రైతు కుటుంబాల పిల్లలు వాటిలో చేరారు. గుంటూరువాడి నుంచి, కర్నూలువాడి నుంచి దివిసీమ కోడూరు కుర్రాడిని కాపాడిన గోడ, విజయవాడవాడి నుంచి మాత్రం కాపాడలేదు. అసలు పోటీ ఉన్నది అక్కడే. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా, బందరు కేంద్రంగా మిగిలిన కృష్ణాలో కూడా గుడివాడ పట్నానికీ దివిసీమ చివరి గ్రామాలకూ మధ్య దూరం కిలోమీటర్లలో కొలిచేది మాత్రమే కాదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: లోకల్ కోటా లోపల ఎస్సీ, ఎస్టీ, బీసీ రోస్టర్ ఉంది కదా, అది లోపలి అంతరాన్ని సరిచేయదా? కొంతవరకు చేస్తుంది. కమ్యూనల్ జీవో చేయలేని పని అది. దివిసీమ మత్స్యకార కుటుంబానికి బీసీ జాబితాలో చోటుంది. కానీ కులం రోస్టర్ కులాల మధ్య తేడాను సరిదిద్దుతుంది, ఊరికీ పట్నానికీ మధ్య తేడాను కాదు. నాగాయలంక బీసీ కుర్రాడు విజయవాడ బీసీ కుర్రాడితోనే పోటీ పడతాడు. వెనకబాటుకు రెండు కొలతలు ఉంటే ఒకదానితో కొలిచి రెండోది కూడా తీరిపోయిందనుకోవడం పొరపాటు.

రెండో అభ్యంతరం ప్రతిభ పేరుతో వస్తుంది. ఎవడు బాగా చదివితే వాడికే ఉద్యోగం, దేశమంతా ఒకటే, గీతలెందుకు అన్నది ఆ వాదం. పరీక్ష ఒకటే అయినంత మాత్రాన ఆ పరీక్ష దాకా వచ్చిన దారి ఒకటి కాదు. 1950లలో ఉస్మానియా పట్టభద్రుడు తెలివి తక్కువవాడు కాదు, అతను నేర్చిన భాష ఒక్క రోజులో పనికిరానిదైంది. నోబుల్ కాలేజీ ఉన్న ఊళ్లో పుట్టడం ఎవరి ప్రతిభా కాదు. కాబట్టి మెజారిటీ అయినంత మాత్రాన ప్రాధాన్యం అడగకూడదనడం సరికాదు. అయితే ప్రతిభావాదంలో నిజం ఒకటుంది, దాన్ని వదిలేయకూడదు: గోడ కట్టాక లోపలివాడు పరుగెత్తాల్సిన అవసరం తగ్గుతుంది. 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు వైద్య సీట్లలో స్థానికతకు హద్దు ఉండాలని చెప్పింది అందుకే. 371డి వల్ల తెలుగు నేలకు ఆ తీర్పు నేరుగా తగల్లేదు గానీ అందులోని వాదం తగలకపోలేదు.

మూడోది అసలు అభ్యంతరం, నన్ను ఎక్కువ ఆలోచింపజేసినదీ ఇదే. ఓట్లున్న మెజారిటీ తనకు కావలసినదాన్ని బడులు కట్టి, కాలేజీలు పెట్టి సాధించుకోవచ్చు కదా, కోటా ఎందుకు? జవాబు ఏమిటంటే బడి కట్టడం ఇరవై ఏళ్ల పని, కోటా ఒక్క జీవో పని. ఎన్నికల మధ్య బతికే ప్రభుత్వానికి రెండోది తేలిక. కోటా తప్పు కావడం ఇక్కడే మొదలవుతుంది: బడి కట్టేలోగా ఆసరాగా రావలసింది, బడి కట్టకపోవడానికి సాకుగా మారుతుంది. మెజారిటీకి ఓట్లున్నాయి కాబట్టి దాన్ని ఎత్తేసేవాడూ ఉండడు. మలేసియా చూడండి. 1969 మే 13న కౌలాలంపూర్‌లో జాతుల గొడవలు జరిగాయి. మన దగ్గర తెలంగాణ ఉద్యమం సాగుతున్న నెలలే అవి. 1971లో వచ్చిన నూతన ఆర్థిక విధానం రెండు లక్ష్యాలు పెట్టుకుంది: పేదరికం తగ్గించడం, కంపెనీల వాటాల్లో ‘భూమిపుత్రులు’ అని పిలిచే మలయ్, ఇతర స్థానిక జాతుల భాగాన్ని 1990 నాటికి ముప్పై శాతం చేయడం. 1970లో సగం కుటుంబాల దాకా ఉన్న పేదరికం ఇరవై ఏళ్లలో బాగా తగ్గింది. గ్రామాల మలయ్ పిల్లలు విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. ఈ గెలుపును చిన్నబుచ్చకూడదు. కానీ 1990 గడువు వచ్చింది, వెళ్లింది; పేరు మారిన విధానాలు కొనసాగుతూనే ఉన్నాయి. కంపెనీ వాటాలు, లైసెన్సులు పలుకుబడి ఉన్న మలయ్ కుటుంబాల చుట్టూ తిరిగాయన్న విమర్శ మలయ్ మేధావుల నుంచే వచ్చింది. రబ్బరు తోటల్లో కూలీలుగా వెళ్లిన ఉత్తరాంధ్ర తెలుగువాళ్ల మనవలు అక్కడ ‘ఇండియన్లు’ అన్న గుంపులో ఉండి, పేదరికంలో గ్రామీణ మలయ్‌కు తీసిపోకపోయినా ఆ మేలులో సరైన వాటా పొందలేదు. శ్రీలంకలో 1956 సింహళ భాషా చట్టం, 1970లలో విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో మార్కుల సవరణ ఎక్కడికి దారితీశాయో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అయిదో కుర్చీ. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కర్మాగారాల్లో, పరిశ్రమల్లో డెబ్బై అయిదు శాతం ఉద్యోగాలు రాష్ట్రవాసులకు ఇవ్వాలని చట్టం చేసింది. ప్రైవేటు కంపెనీల మీద ఇలాంటి షరతు దేశంలో ఇదే మొదటిది. 16వ అధికరణం సర్కారు ఉద్యోగాలకే కాబట్టి ఇక్కడ ప్రశ్న మరోటి: వ్యాపారం చేసుకునే హక్కు, దేశంలో ఎక్కడైనా బతికే హక్కు. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్నే 2023 నవంబర్‌లో పంజాబ్ హర్యానా హైకోర్టు కొట్టేసింది. న్యాయం సంగతి అలా ఉంచి మన లెక్క చూసుకుందాం. గుడివాడ నుంచి, బందరు నుంచి ప్రతి వీధీ ఒక కుర్రాణ్ణి బెంగళూరుకో హైదరాబాద్‌కో డల్లాస్‌కో పంపింది. కర్ణాటక ప్రభుత్వం 2024 జూలైలో కన్నడిగులకు ప్రైవేటు ఉద్యోగాల్లో కోటా బిల్లు తెచ్చి, గొడవ కావడంతో పక్కన పెట్టినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు కంగారుపడ్డారు. బెంగళూరులో అన్యాయం అనిపించినది ఇక్కడ న్యాయం ఎలా అవుతుందో చెప్పగలిగితే చెప్పాలి. నా మటుకు ఒకే దారి కనిపిస్తుంది: ఆంధ్రప్రదేశ్ చేసిన 2019 చట్టంలోనే ఉన్న ఒక షరతును ముందుకు లాగడం. అర్హులైన స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వాళ్లకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అందులో ఉంది. చర్చంతా డెబ్బై అయిదు చుట్టూ తిరిగింది గానీ విలువైనది ఈ మూడేళ్లు.

బందరు పోర్టు దీనికి పరీక్ష అవుతుంది. 2008లో ఒక శంకుస్థాపన, 2019లో ఇంకొకటి, 2023 మే 22న తపసిపూడి దగ్గర మరొకటి. మూడో రాయి వేశాక పనులు నిజంగానే సాగాయి. ఈ ఊరికి కంపెనీ ఉద్యోగాలు కొత్త కావు. 1920లలో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. అది కేంద్ర సంస్థ, అఖిల భారత పోటీ. పోర్టులో ఆఫీసు ఉద్యోగాలకు డెబ్బై అయిదు శాతం రాష్ట్రవాసులని రాసినా అవి విశాఖ, విజయవాడ కాలేజీల పిల్లలకే వెళ్తాయి, వాళ్లూ ఆంధ్రులే కాబట్టి కాగితం మీద లెక్క సరిపోతుంది. క్రేన్ నడపడం, వెల్డింగ్, కంటెయినర్ యార్డు, పడవల మరమ్మతు, కస్టమ్స్ కాగితాలు, ఇవి నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను కుర్రాళ్లు నెలల శిక్షణతో నేర్చుకోగల పనులు. పోర్టు మొదటి ఓడను చూసేలోగా ఆ ఐటీఐ ట్రేడులు బందరులో, అవనిగడ్డలో ఉన్నాయా, ఎంతమంది చేరారు, ఏ మండలం నుంచి చేరారు అన్నది ప్రతి ఏడూ ప్రకటించమని కలెక్టరును అడగవచ్చు. అప్పుడు రాష్ట్ర కోటా అవసరమెంతో, అది ఎన్నేళ్లకు అక్కర్లేకుండా పోతుందో చెప్పడానికి ఒక లెక్క దొరుకుతుంది. 1975 నుంచి ఇప్పటి దాకా కృష్ణా జిల్లా లోకల్ కోటాలో దివిసీమకు వెళ్లిన ఉద్యోగాలెన్ని అని అడిగితే, ఆ కాగితం కూడా అదే కలెక్టరేటు నుంచి రావాలి.